నా మీద జరిగిన గ్రామసభ

నేను ఒక నులక మంచాన్ని. కుర్చీకి ఉన్న పరువు నాకు లేదన్న సంగతి నాకు బాగా తెలుసు. కుర్చీ కోసం మనుషులు కొట్టుకుంటారు, కుర్చీ ఎక్కితే దండలు వేస్తారు, దిగితే ఏడుస్తారు. నా పేరు మాత్రం ఒంట్లో బాగాలేనప్పుడే ఎత్తుతారు. ఫలానా ఆయన మంచం పట్టాడట అంటే, పాపం అని నిట్టూరుస్తారు. నన్ను పట్టుకున్నందుకు ఆయన మీద అంత జాలి దేనికో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు. సరే, పోనివ్వండి. ఒక పూట తుమ్మలమడుగు పంచాయతీ మొత్తం నా మీద నడిచింది. ఆ ముచ్చట ఏ కుర్చీ చెప్పగలదో చెప్పమనండి, వింటాను.

నా నాలుగు కోళ్ళూ తుమ్మ చేవవి, పట్టెలు వేపవి. వడ్ల బ్రహ్మయ్య నన్ను చెక్కిన రోజున పక్క ఊళ్ళో ఎవరిదో పెళ్ళి భోజనం ఉంది. ఆ తొందరలో ఒక కోడు మిగతావాటి కన్నా వేలెడు పొట్టిగా చెక్కేశాడు. అందుకే ఎవరు కూర్చున్నా నేను ముందు ఒకసారి ఒక పక్కకు ఊగి, ఆ తర్వాత కుదురుకుంటాను. కొత్తవాళ్ళు పడిపోతున్నామనుకుని గబుక్కున పట్టె పట్టుకుంటారు. వాళ్ళ మొహాలు చూడటం నాకు పెద్ద కాలక్షేపం.

నన్ను చేయించుకున్నది ఊరి పెద్ద గురివిరెడ్డి తండ్రి. కొన్నేళ్ళపాటు ఆ ఇంటి వసారాలో దర్జాగా బతికాను. పెద్దరెడ్డి నా మీద పడుకునే ఊళ్ళో తగాదాలు తీర్చేవాడు. చివరికి నా మీదే కన్ను మూశాడు. ప్రాణం పోయిన మంచాన్ని ఇంట్లో ఉంచుకోవడం ఆ ఇంటి ఆచారం కాదు. పదో రోజు దాటగానే నన్ను తీసుకెళ్ళి కంచె అవతల పడేశారు. నిన్నటిదాకా నా మీద పరుపు వేసిన చేతులే నన్ను ఎత్తి పడేసి, ఆ తర్వాత కడుక్కున్నాయి. నేనేం తప్పు చేశానో ఎవరూ చెప్పలేదు.

ఆ ఇంట్లో సుంకన్న అనే జీతగాడు ఉండేవాడు. ఊరికి ఎడంగా ఉన్న మాదిగపల్లె అతనిది. అడిగి, నన్ను నెత్తిన పెట్టుకుని పల్లెకు మోసుకెళ్ళాడు. అతని భార్య ఈరమ్మ నన్ను చూసి చేతులు ఒత్తుకుంటూ మూడుసార్లు చుట్టూ తిరిగింది. ఆ ఇంట్లోకి వచ్చిన మొదటి మంచాన్ని నేను. చచ్చినవాడి మంచమని వాళ్ళకు పట్టింపు లేదు. వాళ్ళ పిల్లవాడు మద్దిలేటి నా మీదికి ఎగిరి దూకాడు, నేను ఊగాను, వాడు కిందపడి పడీపడీ నవ్వాడు. నా ఒంట్లోని నల్లులు కూడా నాతోపాటే వచ్చాయి. రెడ్డి గారిని కుట్టిన నల్లులే సుంకన్ననూ కుట్టాయి, రుచిలో తేడా ఉందని ఒక్కటీ నాతో అనలేదు.

ఆ పల్లెలో నాకు ఒక విచిత్రం ఎదురయింది. రెడ్డి గారి తోటకు దారి పల్లె మధ్యనుంచే పోతుంది. తండ్రి పోయాక పెత్తనం గురివిరెడ్డికి వచ్చింది. అతను తోటకు పోయేటప్పుడు పల్లె మలుపు దగ్గర ఒకసారి గట్టిగా దగ్గేవాడు. దగ్గు వినపడగానే మంచాల మీద ఉన్నవాళ్ళంతా లేచి నిలబడాలి. అన్నం తింటున్నా, జ్వరంతో పడుకున్నా, పిల్లకు పాలిస్తున్నా లేవాలి. అతను దాటిపోయాక మళ్ళీ కూర్చోవచ్చు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు. నాకు కళ్ళు చెవులతో పని లేకుండానే తెలిసిపోయేది. ఉన్నట్టుండి ఒళ్ళు తేలికైందంటే రెడ్డి వస్తున్నాడన్నమాట. నన్ను ఇచ్చారే గాని నా మీద కూర్చునే హక్కు తమ దగ్గరే అట్టే పెట్టుకున్నారని నాకు మెల్లగా బోధపడింది.

ఓట్ల సంగతీ అంతే. ఓట్ల రోజు పొద్దున్నే రెడ్డి మనిషి ఒకడు పల్లెలోకి వచ్చేవాడు. "మీ ఓట్లు పడిపాయె. ఎండకు యాడికి పోతారు, ఇండ్లకాడ ఉండండి" అని మహా దయగా చెప్పేవాడు. పల్లె జనం ఇళ్ళ దగ్గరే ఉండేవాళ్ళు. తాము ఓటు వేసింది ఎవరికో సాయంత్రానికి ఎవరో ఒకరు చెబితే తెలుసుకునేవాళ్ళు.

మద్దిలేటి పెద్దవాడయ్యాడు, మారెక్కను పెళ్ళి చేసుకున్నాడు. మారెక్క తక్కువ మాటల మనిషి. మాట్లాడాల్సినవన్నీ మద్దిలేటే మాట్లాడేసేవాడు. ఆ ఏడు ఓట్లప్పుడు రెడ్డి మనిషి వచ్చి తన పాత పాట పాడగానే మద్దిలేటి చొక్కా తొడుక్కున్నాడు. "నా ఓటు నేనేస్తా. నాకూ చేతులుండాయి గదా" అన్నాడు. బడి దగ్గరికి పోయి వరుసలో నిలబడ్డాడు. ఎక్కడినుంచో వచ్చిన ఆఫీసరుకు ఊరి కట్టుబాట్లు తెలియవు కాబట్టి కాగితం చేతికిచ్చాడు. మద్దిలేటి ఓటు వేసి ఇంటికొచ్చి, నా మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా వేలు చూపించాడు. వాళ్ళ అమ్మ ఈరమ్మ భయంతో తిడుతూనే, ఆ వేలును పట్టుకుని చాలాసేపు చూసింది.

సాయంత్రం పొద్దు వాలకముందే మలుపు దగ్గర దగ్గు వినపడింది. మద్దిలేటి లేవబోయాడు. ఒక్క క్షణం ఆలస్యమైంది, అంతే. రెడ్డి తనదారిన తాను తోటకు పోయాడు. వెనకాల వచ్చినవాళ్ళు ఆగారు. "మంచం మీద కూచుంటావురా" అన్నది ఒక్క మాట. ఓటు ముచ్చట ఎవరూ ఎత్తలేదు. కర్రలతో కొట్టారు. ఒక దెబ్బ గురి తప్పి నా పట్టెకు తగిలింది. మిగతావన్నీ వాడి మోకాలి మీద పడ్డాయి. నేను సుఖంగా పడుకోబెట్టడానికి పుట్టినదాన్ని, ఆ రోజు నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. పల్లెవాళ్ళు నలుగురు నన్ను భుజాలకెత్తుకుని, మద్దిలేటిని నా మీద పడుకోబెట్టి, టౌను ఆసుపత్రిదాకా మోశారు. మారెక్క ఒక పక్క, ఈరమ్మ ఒక పక్క పట్టెలు పట్టుకుని నడిచారు.

మోకాలు అతికింది గాని కాలు వంగలేదు. తర్వాత విచారణ అని ఒకటి జరిగింది. మంచం మీదనుంచి పడి మోకాలు విరిగింది అని రాసుకుని పోయారు. నేను ఎంత ఎత్తున ఉంటానో మీరే చూడండి. నా మీదనుంచి పసిపిల్లలు పడతారు, లేచి దులుపుకుని మళ్ళీ ఎక్కుతారు. అంతమంది చేతుల్లో కర్రలుంటే కేసు వచ్చి నా నెత్తిన పడింది. కుర్చీ అయితే ఇట్లా నింద వేసేవాళ్ళా? ఆ ఉక్రోషం నాకు చాలాకాలం తీరలేదు.

కాలం గడిచింది. సుంకన్న పోయాడు. మద్దిలేటి, మారెక్కలకు ఒక మనవరాలు కూడా పుట్టింది. ఈరమ్మ నడుము వంగింది, చూపు మసకబారింది, చెవులు మాత్రం పాము చెవులు. మద్దిలేటి కుంటుతూనే మేకలు కాసుకునేవాడు. నోరు ఏమీ తగ్గలేదు. దగ్గు వినపడితే లేవడంలో మాత్రం ఇప్పుడు అందరికంటే ముందుండేవాడు. కాలు వంగదు కాబట్టి ముందుగానే మొదలుపెట్టాలి మరి.

అప్పుడు తుమ్మలమడుగు సర్పంచి పదవి ఎస్సీ ఆడవాళ్ళకు వచ్చింది. గురివిరెడ్డి రెండు రోజులు ఆలోచించి మారెక్కను ఎంచాడు. నోట్లో నాలుక లేనిది, మొగుడు కాలు విరిగి బుద్ధి తెచ్చుకున్నవాడు, ఇంతకంటే మంచి సర్పంచి దొరుకుతుందా అనుకున్నాడు. పోటీ లేకుండా ఏకగ్రీవం చేశాడు. మారెక్క మెడలో బంతిపూల దండతో ఇంటికొచ్చింది. దండ తీసి నా కోడుకు తగిలించింది, మద్దిలేటి మేక దాన్ని తినేసింది. పదవి వచ్చినందుకు ఆ ఇంట్లో జరిగిన విందు అదొక్కటే.

పంచాయతీ ఆఫీసులో సర్పంచికి ఒక కుర్చీ ఉంది. దాంట్లో గురివిరెడ్డి కూర్చునేవాడు. సర్పంచి గడప బయట, చెప్పులు విడిచే చోట నిలబడేది. సంతకం కావాల్సి వచ్చినప్పుడు కాగితం బయటికి వచ్చేది, సంతకం పెట్టించుకుని లోపలికి పోయేది. సర్పంచి అంటే ఏమిటని నన్నడిగితే, కాగితం కింద పెట్టుకునే చెక్క అని చెప్పేదాన్ని అప్పట్లో.

కానీ మారెక్క మనసులో ఒకటి పడింది. ఊళ్ళో నీళ్ళ ట్యాంకు కట్టారు. పైపులు వేశారు. ఊరి చివరి ఇంటిదాకా వచ్చి ఆ పైపు ఆగిపోయింది. అక్కడినుంచి పల్లె కూతవేటు దూరం. పల్లె ఆడవాళ్ళు రెడ్డి తోటలో మోటారు వేసినప్పుడు, అతను సరేనంటేనే, బిందెలతో తెచ్చుకోవాలి. ఆ పైపు పల్లెలోకి రావాలని మారెక్క పట్టు. గడప దగ్గర నిలబడి, "సామీ, మా పల్లెకు పైపూ" అని అడిగింది. "సూద్దాంలే" అన్నాడు రెడ్డి. ఇంకోసారి అడిగింది. అప్పుడూ చూద్దామన్నాడు. ఇంటికొచ్చి నా మీద కూర్చుని ఊరకే గాలిలోకి చూసింది.

మద్దిలేటి పక్కన కూర్చుని బీడీ వెలిగించాడు. "నిలబడి అడిగితే అడుక్కున్నట్టుంటాది మ్మే. కూచొని చెప్పాల. కూచొని చెప్పినోళ్ళ మాటే ఈ ఊర్లో వినిపించేది" అన్నాడు.

"యాడ కూచోవాల? కుర్చీ ఆయప్ప కింద ఉండాది" అంది మారెక్క.

ఆ వారమే పంచాయతీకి కొత్త సెక్రెటరీ వచ్చింది. రెహానా అని నంద్యాల అమ్మాయి. సంతకం కోసం మారెక్క ఇంటికి తనే వచ్చి నా మీద కూర్చుంది. నేను ఊగాను, ఆమె కెవ్వుమని పట్టె పట్టుకుంది. కుదురుకున్నాక, "మేడం, గ్రామసభ పెట్టాలి. ఎక్కడ పెడదాం?" అంది. మారెక్క వెనక్కి తిరిగి చూసింది, మేడం ఎవరొచ్చారా అని.

"మిమ్మల్నే మేడం. సర్పంచి మీరే కదా. ఎక్కడ పెట్టాలో మీరు చెప్పాలి."

మారెక్క కాసేపు ఆలోచించింది. "మా పల్లెలో పెట్టొచ్చునా?"

"పెట్టొచ్చు మేడం."

"మా ఇంటి ముందర?"

"పెట్టొచ్చు."

మారెక్క మొహంలో ఒక నవ్వు మొదలవడం చూశాను. ఆ నవ్వు పూర్తవడానికి చాలాసేపు పట్టింది.

ఊరంతా దండోరా వేశారు. సభకు కుర్చీలు కావాలని టెంటు హౌసుకు కబురు పెడితే, లేవు, అన్నీ పెళ్ళికి పోయాయన్నారు. టెంటు హౌసు రెడ్డి బామ్మర్దిది. కుర్చీలు లేకపోతే సభ జరగదు, ఆ ఆడది నడివీధిలో నవ్వులపాలవుతుందని వాళ్ళ లెక్క. ఎండుగడ్డి వాములా కుర్చీలన్నీ వాళ్ళ దొడ్లోనే పేర్చి ఉన్నాయని మద్దిలేటి చూసొచ్చి చెప్పాడు. "చాపలేసుకుంటారు జనం. నేను మంచం మీద కూచుంటా" అంది మారెక్క. ఆ మాటకు నా నులకంతా ఒక్కసారి బిగుసుకుంది. గర్వం అనుకోండి, భయం అనుకోండి.

భయం ఊరికే రాలేదు. మర్నాడు రెడ్డి మనిషి మలుపు దగ్గర మారెక్కను ఆపాడు. "చూసుకో మ్మే. మీ ఇంట్లో మంచం మీదనుంచి పడే జబ్బుంది గదా. మళ్ళీ వచ్చేనేమో" అని నవ్వుతూ చెప్పాడు. మారెక్క ఇంటికొచ్చి ఆ మాట మొగుడికి చెప్పి, "నీకు ఇంగో మోకాలు ఉండాదే, అదే నా బయం" అంది.

"అదీ పోతే రెండూ సమానమైతాయిలే. నడక సాపుగా ఉంటాది" అన్నాడు మద్దిలేటి. మారెక్క వాడి నెత్తిన ఒకటి మొట్టి, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి, "నేను లెయ్యకుండా ఉండగలనా?" అని అడిగింది.

నిజానికి అసలు చిక్కు అక్కడే ఉంది. లేవకూడదని మనసు అనుకుంటుంది, కానీ కాళ్ళు వింటాయా? పుట్టినప్పటినుంచి ఆ దగ్గుకు లేచిన కాళ్ళు అవి. అందుకని సాధన మొదలుపెట్టారు. మద్దిలేటి రెడ్డి వేషం కట్టాడు. భుజాన తువ్వాలు, చేతిలో మేకల కర్ర, మీసం మీద చెయ్యి. మలుపు దగ్గరకు పోయి గట్టిగా దగ్గాడు. మారెక్క టక్కున లేచి నిలబడింది.

"కూచో మ్మే" అని అరిచాడు అక్కడినుంచే.

మళ్ళీ పోయాడు. మళ్ళీ దగ్గాడు. మళ్ళీ లేచింది. పట్టె గట్టిగా పట్టుకుని కూర్చోమన్నాడు. పట్టె పట్టుకునే లేచింది, నన్ను కూడా కొంచెం పైకి లేపింది. నిద్రపోతున్న మనవరాలిని ఒళ్ళో పెట్టుకుంది. పిల్లను చంకనేసుకుని లేచింది. ఈలోపల పల్లెంతా పోగయింది. మాకూ నేర్పించమని వాళ్ళూ మంచాలు తెచ్చి వేసుకుని కూర్చున్నారు. మద్దిలేటి దగ్గడం, అందరూ బిలబిలమని లేవడం, ఒకరినొకరు చూసుకుని కడుపు పట్టుకుని నవ్వడం. ఎవరో కొంటెవాడు మేకల దొడ్డి చాటునుంచి అచ్చం రెడ్డిలాగే దగ్గాడు. మీసం మీద చేయి వేసుకుని బండరాయి మీద దర్జాగా కూర్చున్న మద్దిలేటి, తానే రెడ్డినన్న సంగతి మరిచిపోయి, కుంటికాలితోనే దిగ్గున లేచి చేతులు కట్టుకున్నాడు. ఆ రోజు పల్లె నవ్విన నవ్వుకు మేకలు బెదిరాయి. ఈరమ్మ ఒక్కతే నవ్వలేదు. "నగండి, నగండి. రేపు ఏడుస్తారు" అని లోపలికి పోయింది. ఆమె భయం ఆమెది. కొడుకును మోసుకెళ్ళిన మంచాన్ని రోజూ చూస్తున్న మనిషి.

సభ రోజు పొద్దున నన్ను కడిగి, నులక బిగించి, ఇంటి ముందు వేశారు. మారెక్క తలకు నూనె రాసుకుని, ఉన్నంతలో మంచి చీర కట్టుకుని నా మీద కూర్చుంది. పక్కనే రెహానా చాప మీద కూర్చుని కాగితాలు సర్దుకుంటోంది. పల్లె జనం చాపల మీద, ఈరమ్మ నా కోడు పక్కనే నేల మీద కూర్చున్నారు. ఊళ్ళోనుంచి కొందరు వచ్చి దూరంగా నిలబడ్డారు, తమాషా చూద్దామని.

మలుపు దగ్గర దగ్గు వినపడింది.

పల్లెంతా లేచింది. చేసిన సాధనంతా ఏట్లో కలిసింది. చాపలన్నీ ఒక్క ఊపులో ఖాళీ అయ్యాయి. మద్దిలేటి కూడా లేచాడు. నా ఒళ్ళూ తేలికవుతోంది, మారెక్క మడమలు నేలను నొక్కుతున్నాయి. ఆమె నా మీదనుంచి సగం లేచింది. నులక వదులు చేసి ఆమెను లోపలికి లాగేద్దామా అని నాకు తోచింది. మంచం చేయగలిగిన సాయం అంతకంటే ఏముంటుంది.

అప్పుడు మారెక్క కిందికి చూసింది. కోడు పక్కన ఈరమ్మ కూడా లేవబోతోంది. చూపు ఆనదు, నడుము నిలబడదు. ఒక చేత్తో నా పట్టె, ఒక చేత్తో నేల పట్టుకుని, తనను తాను పైకి లాక్కుంటోంది. లేచి ఒకసారి కూలబడింది. మళ్ళీ లాక్కుంటోంది. దగ్గు దగ్గరికొస్తోందని ఆమె కంగారు. మారెక్క ఆమెనే చూస్తూ ఉండిపోయింది. ఎన్ని వేలసార్లు ఇట్లా లేచిందో ఈ మనిషి, అన్న ఆలోచన ఆ మొహంలో నాకు కనబడింది. ఆమెకు కోపం వచ్చింది. అంత కోపం ఆమెలో ఉందని నాకే తెలియదు.

మారెక్క మళ్ళీ కూర్చుంది. కూర్చుని, వంగి, అత్తను రెండు చేతులా ఎత్తి నా మీద తన పక్కన కూర్చోబెట్టింది. "నువ్వు కూచో అత్తా" అంది. తలెత్తి జనాన్ని చూసి, "కూచోండి అందరూ. సబ మొదలైంది" అంది. గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినపడింది. ముందు మద్దిలేటి కూర్చున్నాడు, వంగని కాలు ముందుకు చాపి. ఒక్కొక్కరుగా, భయంభయంగా, అందరూ చాపల మీద కూర్చున్నారు.

గురివిరెడ్డి వచ్చేసరికి ఎదురుగా అందరూ కూర్చుని ఉన్నారు. వెనక మనుషులున్నారు, వాళ్ళ చేతుల్లో కర్రలున్నాయి, కానీ ఎదురుగా గవర్నమెంటు మనిషి ఉంది, ఊళ్ళోనుంచి వచ్చిన జనం ఉన్నారు. మారెక్క ఆ రోజు సామీ అనలేదు. నా మీద పక్కన ఉన్న చోటు చేత్తో తట్టి, "రండి రెడ్డీ, కూచోండి. ఈడ చోటుండాది" అంది, చాలా మర్యాదగా.

ఇప్పుడు ఆయన అవస్థ చూడాలి. మాదిగ ఆడవాళ్ళ పక్కన మంచం మీద కూర్చుంటే పరువు పోతుంది. చాప మీద వాళ్ళ మధ్య కూర్చుంటే ఇంకా పోతుంది. కుర్చీలు చూద్దామంటే అన్నీ బామ్మర్ది దొడ్లో ఉన్నాయి, పెళ్ళికి పోయాయని ఊరంతా చెప్పారు కాబట్టి ఇప్పుడు తెప్పించడానికీ లేదు. వెళ్ళిపోదామంటే పైపు సంగతి తాను లేకుండా తేలిపోతుంది. మిగిలింది ఒకటే. నిలబడ్డాడు.

సభ బాగా పొడుగ్గా నడిచింది. రెహానా పాత లెక్కలన్నీ చదివింది. మారెక్క ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి మాట్లాడించింది. ఎప్పుడూ నోరు విప్పని ఆడవాళ్ళు బిందెలు మోసిన కష్టం చెప్పుకున్నారు. ఒకామె మొదలుపెడితే ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఎండ ఎక్కింది. రెడ్డి ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదికి మారాడు. మళ్ళీ మారాడు. పల్లెకు పైపు రావాలనేవాళ్ళు చేతులెత్తండి అంది మారెక్క. పల్లె మొత్తం ఎత్తింది. దూరంగా నిలబడ్డ ఊరివాళ్ళలో కొందరు, రెడ్డి వీపు తమ వైపే ఉందని చూసుకుని, మెల్లగా ఎత్తారు. వద్దనేవాళ్ళు ఎత్తండి అంటే ఆయన ఒక్కడే ఎత్తాలి. ఎత్తలేదు. తుమ్మలమడుగు గ్రామసభ పైపును ఒప్పుకుందని రెహానా రాసుకుంది.

అప్పుడు ఈరమ్మ మసక కళ్ళు చిట్లించి ఎదురుగా చూసింది. ఆమె చూపు ఆనే దూరంలో ఒక్క ఆకారమే నిలువుగా కనబడింది. కోడలి మోచేయి పట్టుకుని లాగి, "ఎవురో పాపం, శానాసేపటినుంచి నిలబడే ఉండాడు. కాళ్ళు నొయ్యవా? కూచోమని చెప్పండే" అంది.

ముందు ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఒక చాప మీదనుంచి మొదలైంది, పక్కదానికి పాకింది. రెడ్డి ఎదుట ఆ పల్లె నవ్వడం నేను వినడం అదే మొదలు. రెహానా కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. కర్రలు పట్టుకున్నవాళ్ళలో ఒకడు మూతి బిగించుకుని పక్కకు తిరిగాడు. ముసలామె తెలిసి అందో తెలియక అందో నేను ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను. ఆమెకు చూపు ఆనని మాట నిజమే. ఆ దగ్గు ఎవరిదో తెలియని మాట మాత్రం నమ్మను. గురివిరెడ్డి తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు ఎవరూ లేవలేదు.

సాయంత్రం కర్రలవాళ్ళు వస్తారని పల్లెకు తెలుసు. అందుకే ఆ సాయంత్రం ఎవరూ ఇళ్ళలోకి పోలేదు. ప్రతి ఇంటి మంచమూ దారికి రెండు పక్కలా బయటికి వచ్చింది. వాటి మీద ముసలీ ముతకా, ఆడా మగా, అందరూ కూర్చున్నారు. నా జాతివాళ్ళను అంతమందిని ఒక్కచోట చూడటం నాకూ కొత్తే. కర్రలవాళ్ళు మలుపుదాకా వచ్చారు. ఒకరు మంచం మీద ఉంటే కొట్టడం వాళ్ళకు తెలుసు. పల్లెంతా మంచాల మీద ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. కాసేపు నిలబడి, వెనక్కి పోయారు. నాకు భయం పోయిందని అబద్ధం చెప్పను. చాలా రోజులు ఏ అలికిడి విన్నా కోళ్ళు వణికేవి.

ఆ తర్వాత నెలనుంచి పంచాయతీ ఆఫీసులో సర్పంచి కుర్చీలో సర్పంచే కూర్చుంటోంది. గురివిరెడ్డి ఆఫీసుకు రావడం మానేశాడు, కాళ్ళనొప్పులని చెప్పుకుంటున్నాడట. మారెక్క మాటలు నేర్చింది, మద్దిలేటికి ఇంట్లో మాట్లాడే వంతు తగ్గిపోయింది. నా ఉద్యోగం మళ్ళీ పాతదే. ఒక పక్క మిరపకాయలు ఆరబోస్తారు, పిల్లలు ఎగురుతారు, కొత్తవాళ్ళు కూర్చుంటే ఊగుతాను.

మొన్న పైపు వచ్చింది. కుళాయి మారెక్క ఇంటి ముందరే పెట్టారు. నీళ్ళు వదిలే రోజున పల్లె మొత్తం బిందెలతో చేరింది. కుళాయికి దారి లేకుండా మధ్యలో నేనున్నాను. నా మీద ఈరమ్మ ఉంది. సభ రోజు కూర్చున్నది, ఆ తర్వాత ఆమె నన్ను వదలడం లేదు. తినడం నా మీదే, కునుకు నా మీదే.

"అత్తా, రవ్వంత లెయ్. మంచం పక్కకు తీస్తాం. నీళ్ళొస్తాండాయి" అంది మారెక్క.

ఈరమ్మ కాళ్ళు రెండూ పైకి లాక్కుని బాసింపట్టు వేసుకుంది.

"నేను లెయ్యను పో. ఇంగ ఎవురికీ లెయ్యను" అంది.

మారెక్క ఒక వైపు, మద్దిలేటి ఒక వైపు పట్టుకుని, ఆమెతో సహా నన్ను ఎత్తి పక్కకు జరిపారు.